గేటు దగ్గర గార్డు జీతం ఎవరు నిర్ణయిస్తున్నారు?

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో ప్లాట్‌ఫాం ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలికీ, స్టేషన్ బయట రోడ్డు దాటితే కనిపించే ప్రైవేటు భవనంలో మెట్లు తుడిచే కార్మికురాలికీ పనిలో తేడా లేదు. చీపురు అదే, ఫినాయిల్ అదే, తెల్లవారకముందే బస్సెక్కడం అదే. చట్టం మాత్రం ఇద్దరినీ వేరువేరుగా చూస్తుంది. రైల్వే కేంద్ర ప్రభుత్వ పరిధిలోది కాబట్టి మొదటి ఆమెకు కేంద్రం ప్రకటించిన కనీస వేతనం వర్తిస్తుంది. 2024 అక్టోబర్‌లో సవరించిన రేట్ల ప్రకారం హైదరాబాద్ లాంటి 'ఏ' తరగతి నగరాల్లో ఊడ్చే, తుడిచే పనులకు రోజుకు 783 రూపాయలు, నెలకు 20,358. రెండో ఆమెకు వర్తించేది రాష్ట్రం నిర్ణయించిన రేటు. అది దీనికి చాలా దిగువన ఉంది. ఇద్దరూ కొనేది ఒకే రైతుబజారులో, ఇద్దరూ అద్దె కట్టేది ఒకే ఊళ్ళో.

ఇదేదో కేంద్రం, రాష్ట్రం పరిధుల చిక్కు అని వదిలేయవచ్చు. కానీ రెండో ఆమె జీతం అంత తక్కువగా ఎందుకు ఉందో, ఆ తక్కువ కూడా ఆమె చేతికి పూర్తిగా ఎందుకు రాదో వెతుక్కుంటూ వెళ్తే, దేశంలో పెద్ద కంపెనీల బలం ఎక్కడుందో కనిపిస్తుంది. ఆ బలం సాధారణంగా చట్టాన్ని ధిక్కరించడంలో కనిపించదు. జీతం ఎంత ఉండాలో తేల్చేది ఒకరు, యజమానిగా కాగితం మీద సంతకం పెట్టేది ఇంకొకరు అయ్యే ఏర్పాటులో ఉంది.

కనీస వేతనాల చట్టం 1948లో వచ్చింది. దాని బిల్లును 1946లో సెంట్రల్ లెజిస్లేటివ్ అసెంబ్లీలో ప్రవేశపెట్టింది అప్పుడు కార్మిక శాఖ చూస్తున్న డాక్టర్ అంబేడ్కర్. వేతనాన్ని ఎలా లెక్కకట్టాలో ఆ చట్టంలో లేదు. ఆ లోటు తీర్చింది 1957 నాటి 15వ భారత కార్మిక సదస్సు. ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు ముగ్గురూ కూర్చుని ఒప్పుకున్న లెక్క అది. సంపాదించే మనిషి ఒక్కరు, ఆ సంపాదన మీద బతికే నలుగురి కుటుంబం, పెద్దవాళ్ళ తిండి లెక్కలో మూడు యూనిట్లు. ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి. నలుగురికి కలిపి ఏడాదికి 72 గజాల బట్ట. కనీస ఇంటద్దె. వంటచెరకు, దీపం, చిల్లర ఖర్చులకు మొత్తంలో 20 శాతం. 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు దీనికి ఇంకో 25 శాతం కలపాలంది. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, ముసలితనం, పెళ్ళిళ్ళ కోసం.

న్యాయస్థానాలు అంతకంటే గట్టి మాటలూ చెప్పాయి. కనీస వేతనం కూడా ఇవ్వలేని పరిశ్రమకు నడిచే హక్కే లేదని 1958లో క్రౌన్ అల్యూమినియం కేసులో సుప్రీంకోర్టు అంది. ఢిల్లీ ఏషియాడ్ స్టేడియాలు కట్టిన కూలీల కేసులో 1982లో జస్టిస్ పి.ఎన్. భగవతి ధర్మాసనం ఇంకా ముందుకు వెళ్ళింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టిచాకిరీయే అని తీర్పు చెప్పింది. ఆకలి కూడా బలవంతమే, కత్తి చూపించి పని చేయించుకోనక్కర్లేదు అన్నది ఆ తీర్పు సారం. వెట్టి అంటే ఏమిటో తెలంగాణ పల్లెలకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇంత గట్టి పునాది మీద లేచిన అంకె మాత్రం చాలా చిన్నది. ఏ రాష్ట్రమూ అంతకన్నా తక్కువ పెట్టకుండా ఉండేందుకు కేంద్రం 1996లో జాతీయ ఫ్లోర్ వేజ్ అన్నదాన్ని మొదలుపెట్టింది. అప్పుడు రోజుకు 35 రూపాయలు. 2017 నాటికి 176. చట్టబద్ధత లేని సూచన మాత్రమే కాబట్టి పాటించని రాష్ట్రాన్ని అడిగేవాళ్ళు లేరు.

ఆ అంకెను సరిచేయడానికి కేంద్ర కార్మిక శాఖ అనూప్ సత్పతి అధ్యక్షతన నిపుణుల కమిటీని వేసింది. ఆయన పనిచేసింది వి.వి. గిరి జాతీయ కార్మిక సంస్థలో. ఆ పేరుకు ఇక్కడ ఒక అర్థం ఉంది. తెలుగువాడైన గిరి 1954లో కేంద్ర కార్మిక మంత్రిగా ఉండగా, బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం కుదించిందని పదవికి రాజీనామా చేశారు. సత్పతి కమిటీ 2019 ఆరంభంలో నివేదిక ఇచ్చింది. తిండి లెక్కను 2,400 కేలరీలకు తగ్గించి, 50 గ్రాముల ప్రోటీన్, 30 గ్రాముల కొవ్వు ఉండేలా చూసి, కుటుంబాన్ని 3.6 యూనిట్లుగా తీసుకుని, 2018 జులై ధరల్లో రోజుకు 375 రూపాయలు ఉండాలని తేల్చింది. నగరాల్లో ఉండేవాళ్ళకు అద్దె కింద నెలకు మరో 1,430.

అదే ఏడాది జులైలో కేంద్రం ఫ్లోర్ వేజ్‌ను పెంచింది. 176 నుంచి 178కి. రోజుకు రెండు రూపాయలు.

మూడు నెలలు తిరగకుండానే, 2019 సెప్టెంబర్ 20న, కంపెనీల మీద ఆదాయపు పన్ను మూల రేటును 30 శాతం నుంచి 22కు, కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకు 15కు తగ్గిస్తున్నట్టు ఆర్థిక మంత్రి ప్రకటించారు. దానివల్ల ఖజానా వదులుకునేది ఏడాదికి 1.45 లక్షల కోట్లని ప్రభుత్వమే అంచనా వేసింది. రెండు నిర్ణయాలకూ వేరువేరు కారణాలు చెప్పవచ్చు. పెట్టుబడులు రావాలన్న ఆత్రం నిజమే అయి ఉండవచ్చు. కానీ ఒకే ఏడాదిలో, ఒకే ప్రభుత్వం, నిపుణులు లెక్కకట్టి ఇచ్చిన 375ను పక్కన పెట్టి రెండు రూపాయలు ఒకవైపు, ఎవరూ ఊహించనంత పన్ను రాయితీ మరోవైపు ఇచ్చిందంటే, ఎవరి మాట ఎంత దూరం వినిపిస్తుందో అంచనా వేయడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

తెలుగు రాష్ట్రాల్లో జరిగింది ఇంకో రకం. పాత చట్టం ప్రకారం కనీస వేతనాలను అయిదేళ్ళు దాటకుండా తిరగరాయాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఖరారైన మూల వేతనాలే చాలా రంగాల్లో ఏళ్ళ తరబడి నడిచాయి. కదిలింది ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి పెరిగే వీడీఏ, అంటే ధరలను బట్టి మారే కరువు భత్యం మాత్రమే. వీడీఏ పెరుగుతోంది కదా, ఇంకేం కావాలి అని యజమానుల తరఫున అడుగుతుంటారు. వీడీఏ ధరల సూచీ ఎన్ని పాయింట్లు పెరిగితే పాయింట్‌కు ఇంత చొప్పున కలుపుతుంది. పాత బుట్టలో ఉన్న సరుకుల ధర పెరిగితే కొంత సర్దుతుంది, అంతే. బుట్టలో కొత్తగా చేరిన ఖర్చు దానికి తెలియదు. ఫోన్ రీచార్జి లేకపోతే సూపర్‌వైజర్ డ్యూటీ ఎక్కడో చెప్పే వాట్సాప్ మెసేజ్ రాదు, హాజరు పడదు. పిల్లలు ప్రైవేటు స్కూలుకు వెళ్తున్నారు. ఇవన్నీ మూల వేతనాన్ని మళ్ళీ మొదటి నుంచి లెక్కకడితేనే లోపలికి వస్తాయి.

తెలంగాణలో 2021 జూన్‌లో అయిదు రంగాలకు కొత్త వేతనాలతో జీవోలు వచ్చాయి. భవన నిర్మాణం, సెక్యూరిటీ సర్వీసులు వాటిలో ఉన్నాయి. జీవో వచ్చినంత మాత్రాన వేతనం పెరగదు, గెజెట్‌లో అచ్చు కావాలి. ఆ అచ్చు కాలేదు. కార్మిక సంఘం హైకోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. లెక్కలేనన్ని అపార్ట్‌మెంట్లు, టెక్ పార్కులు కట్టిన, కాపలా కాసిన మనుషుల జీతం ఒక ప్రచురణ దగ్గర ఆగిపోయింది. ఇక్కడ ఏ కంపెనీ ఏ చట్టాన్నీ ఉల్లంఘించలేదు. ఆలస్యం జరిగిన ప్రతి నెలా మిగిలిన డబ్బు మాత్రం పని చేయించుకున్నవాళ్ళ దగ్గరే ఉంది.

ఇప్పుడు గేటు దగ్గరికి వద్దాం. హైటెక్ సిటీలోనో గచ్చిబౌలిలోనో ఒక ఆఫీసు ముందు నిలబడ్డ గార్డును నీ యజమాని ఎవరు అని అడిగితే ఏజెన్సీ పేరు చెబుతాడు. అతని యూనిఫాం మీద ఉన్నదీ ఆ పేరే. కానీ అతను ఎన్ని గంటలు నిలబడాలో, ఎంతమంది ఉండాలో, ఎవరిని రేపటినుంచి రావద్దనాలో తేల్చేది భవనంలోపలి కంపెనీ. ఆ కంపెనీ ఏజెన్సీకి నెల నెలా కట్టే బిల్లు ఎలా ఉంటుందో చూస్తే సంగతి అర్థమవుతుంది.

బిల్లులో మొదటి గడి కనీస వేతనం. దాని మీద పీఎఫ్‌కు యజమాని వాటా, నిర్వహణ ఛార్జీలతో కలిపి 13 శాతం. ఈఎస్ఐ 3.25 శాతం. బోనస్ 8.33 శాతం. వారం సెలవులో నిలబడే రిలీవర్ ఖర్చు. యూనిఫాం. ఆఖర్న ఏజెన్సీ సర్వీస్ ఛార్జి. వీటన్నిటి మీద జీఎస్టీ 18 శాతం. చట్టం చెప్పిన వాటిని తగ్గించడానికి వీల్లేదు కాబట్టి ఏజెన్సీల మధ్య పోటీ అంతా సర్వీస్ ఛార్జి గడిలోనే జరగాలి. జరుగుతోంది కూడా. ప్రభుత్వ శాఖలు ఆన్‌లైన్‌లో కొనే జెమ్ పోర్టల్‌లో మనుషుల సరఫరా టెండర్లకు సర్వీస్ ఛార్జి దాదాపు సున్నా అని కోట్ చేసే ఏజెన్సీలు ఎంత పెరిగాయంటే, కనీసం 3.85 శాతం ఉండాలని కేంద్ర ఆర్థిక శాఖ నిబంధన పెట్టాల్సి వచ్చింది.

సున్నాకు ఎవరైనా వ్యాపారం ఎందుకు చేస్తారు? ఆఫీసు అద్దె, సూపర్‌వైజర్ల జీతాలు, బిల్లు పాసయ్యేదాకా రెండు మూడు నెలల పెట్టుబడి, ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తాయి? పై గడుల్లోంచే రావాలి. బ్యాంకులో జీతం పూర్తిగా వేసి, ఏటీఎం కార్డు తన దగ్గరే పెట్టుకునే మేస్త్రీ ఉంటాడు. జీతం పడిన మర్నాడు ఇంత తిరిగి ఇవ్వమనే సూపర్‌వైజర్ ఉంటాడు. పీఎఫ్ కటింగ్ చూపించి కట్టని ఏజెన్సీ ఉంటుంది. చేరేటప్పుడే 'డిపాజిట్' అని ఒక నెల జీతం వసూలు చేసేవాళ్ళూ ఉంటారు. టెండర్‌లో ఆ సున్నాను ఆమోదించిన కంపెనీకి ఇదంతా తెలియదని అనుకోవడం కష్టం. అది తెలుసుకోనవసరం లేని చోట కూర్చుంది, ఏర్పాటులోని లాభమే అది.

పనిగంటల లెక్క ఇంకా దారుణం, కాగితం మీద అది కనిపించదు కాబట్టి దాన్ని విడదీసి చూడాలి. కనీస వేతనం రోజుకు ఎనిమిది గంటలు, నెలకు 26 రోజుల పనికి. అంటే 208 గంటలు. సెక్యూరిటీలో నడిచేది పన్నెండు గంటల డ్యూటీ, చాలా చోట్ల నెలంతా సెలవు లేకుండా. 360 గంటలు. పైన చేసిన 152 గంటలకు చట్టప్రకారం రెట్టింపు ఇవ్వాలి, అంటే 304 గంటల జీతం. మొత్తం 512 గంటల జీతం రావాలి. 208 గంటల జీతం మాత్రమే ఇచ్చి, 'కనీస వేతనం ఇస్తున్నాం' అని రిజిస్టర్‌లో రాసుకుంటే, అతనికి రావాల్సినదాంట్లో 40 శాతమే చేతికి వచ్చినట్టు. నెల జీతం అంకె చూసి ఫరవాలేదు అనుకునేవాళ్ళు గంటలు అడగరు. కొన్ని చోట్ల పన్నెండు గంటలకు కొంత ఎక్కువ ఇస్తారు, నిజమే. రెట్టింపు ఓటీ ఇచ్చే చోటు వెతుక్కోవాలి.

మరి చట్టం అసలు కంపెనీని వదిలేసిందా అంటే, వదల్లేదు. 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ప్రిన్సిపల్ ఎంప్లాయరే, అంటే పని చేయించుకునే అసలు కంపెనీయే కట్టాల్సి ఉండేది. దాని స్థానంలో వచ్చిన కోడ్‌లోనూ ఆ బాధ్యత పోలేదు. కానీ అడగాలంటే కార్మికుడి దగ్గర స్లిప్పు ఉండాలి, హాజరు రుజువు ఉండాలి, అడిగిన మర్నాడు కూడా ఉద్యోగం ఉండాలి. సంఘం పెట్టుకుని ఏజెన్సీతో బేరమాడదామంటే దాని దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు, ఉన్నది కంపెనీ దగ్గర. కంపెనీ దగ్గరికి వెళ్తే 'మీరు మా ఉద్యోగులు కాదు' అంటుంది. గొడవ పెద్దదైతే ఆ ఏజెన్సీతో కాంట్రాక్టు ముగిసిపోతుంది, కొత్త ఏజెన్సీ వస్తుంది. మనిషి అదే గేటు దగ్గర పదేళ్ళు నిలబడతాడు, కాగితం మీద అతనికి అయిదుగురు యజమానులు మారి ఉంటారు. ఒక్కరి దగ్గరా అయిదేళ్ళు నిండవు కాబట్టి గ్రాట్యుటీ అడిగే వీలూ ఉండదు.

ఇది దానంతట అది ఇలా తయారు కాలేదు. కాంట్రాక్టు రద్దయిన పనిలో ఉన్న కార్మికులను అసలు యజమానే తీసుకోవాలని 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో అదే కోర్టు ఆ మాటను వెనక్కి తీసుకుంది. రెండేళ్ళకు, 2003లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాంట్రాక్టు లేబర్ చట్టాన్ని రాష్ట్రం మేరకు సవరించింది. సంస్థ 'ప్రధాన పని'లో కాంట్రాక్టు వద్దని ఒకవైపు చెబుతూనే, పారిశుధ్యం, కాపలా, క్యాంటీన్, లోడింగ్ లాంటివి ప్రధాన పని కిందికి రావని జాబితా రాసింది. ఆస్పత్రిలో శుభ్రత, ఫ్యాక్టరీకి కాపలా ప్రధానం కావట! ఆ ఆలోచన తర్వాత దేశం మొత్తానికీ ఎక్కింది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో 'కోర్ యాక్టివిటీ' అన్న నిర్వచనం దాదాపు ఆ దారిలోనే ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన సవరణ దేశానికి నమూనా అయింది. అదే కోడ్ కాంట్రాక్టు నిబంధనలు వర్తించే హద్దును కూడా 20 మంది నుంచి 50 మందికి పెంచింది.

ఫలితం లెక్కల్లో తెలుస్తుంది. ప్రభుత్వం చేసే పరిశ్రమల వార్షిక సర్వే ప్రకారం 2000-01లో ఫ్యాక్టరీ కార్మికుల్లో కాంట్రాక్టు వాళ్ళు అయిదుగురిలో ఒకరు. ఇప్పుడు అయిదుగురిలో ఇద్దరు.

ఇదే కాలంలో లాభాలు ఎటు వెళ్ళాయో చెప్పింది కూడా ప్రభుత్వ పత్రమే. 2024-25 ఆర్థిక సర్వే ప్రకారం కార్పొరేట్ లాభదాయకత 2023-24లో పదిహేనేళ్ళ గరిష్ఠానికి చేరింది. స్టాక్ మార్కెట్ సూచీ నిఫ్టీ 500లోని కంపెనీల లాభాలు జీడీపీలో 2002-03లో 2.1 శాతం ఉండగా 2023-24కు 4.8 శాతమయ్యాయి. ఆ ఏడాది లాభాలు 22.3 శాతం పెరిగితే ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతం. జీతాలు పెరగకపోతే సరుకు కొనేవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారని ఆ సర్వేయే కంపెనీలను హెచ్చరించింది. అసమానతలను లెక్కకట్టే పరిశోధన సంస్థ వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ 2024 మార్చిలో ఇచ్చిన అంచనా ప్రకారం 2022-23లో దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది చేతుల్లో ఉంది. కంపెనీలు కష్టాల్లో ఉన్నాయి కాబట్టి జీతాలు పెంచలేకపోతున్నాయి అన్న మాట ఈ అంకెల ముందు నిలబడదు.

జీతం పెంచితే ఉద్యోగాలు పోతాయన్న వాదన ఇంకా బలంగా ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, కూలీ మనిషికి అన్నిటికన్నా పెద్ద టెన్షన్ పని పోతుందేమోనన్నదే. గుంటూరు మిర్చి యార్డు తెలిసినవాళ్ళకు దీని జవాబు సగం తెలుసు. వ్యాపారులు రింగైనప్పుడు మిర్చికి వచ్చే ధర దాని విలువ కాదు, ఆ రోజు రైతు ఎంతకు తలొగ్గితే అంత. కొనేవాళ్ళు కొద్దిమంది, అమ్మేవాళ్ళు వేలమంది, సరుకు వెనక్కి తీసుకుపోలేని పరిస్థితి. పనిని అమ్ముకునే మనిషిదీ అదే స్థితి, కూలీ రోజును కోల్డ్ స్టోరేజీలో దాచుకోలేడు. ఇలా కొనేవాడి బలం మీద నడిచే సంతకు 1933లోనే ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ మోనోప్సొనీ అని పేరు పెట్టింది. అలాంటి చోట మద్దతు ధర పెడితే కొనుగోలు ఆగిపోనక్కర్లేదు, కొనేవాడి మిగులు కొంత రైతుకు మళ్ళుతుంది. కనీస వేతనం విషయంలోనూ అంతే.

దీన్ని లెక్కతో పరీక్షించింది న్యూజెర్సీలో, ఇప్పుడు తెలుగువాళ్ళు ఎందరో స్థిరపడిన రాష్ట్రంలో. 1992 ఏప్రిల్ 1న అక్కడ కనీస వేతనం గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెరిగింది, పక్కనే ఉన్న పెన్సిల్వేనియాలో పెరగలేదు. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండు వైపులా 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ళను పోల్చి చూశారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన ఆనవాలు లేదు. ఆ పరిశోధన మీద ఏళ్ళ తరబడి వాదాలు జరిగాయి, 2021లో కార్డ్‌కు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఎంత పెంచినా ఏమీ కాదని దీని అర్థం కాదు. పెంచితే ఉద్యోగాలు పోయి తీరతాయన్నది సూత్రం కాదని మాత్రం తేలింది.

దగ్గర ఉదాహరణ కేరళ. రిజర్వ్ బ్యాంక్ లెక్కల్లో 2022-23లో అక్కడ పల్లెల్లో నిర్మాణ కూలీ రోజుకు 852.5 రూపాయలు, దేశ సగటు 393.3. కేరళకు గల్ఫ్ డబ్బు ఉంది, ఊరు వదిలి వెళ్ళిన మగవాళ్ళ వల్ల కూలీల కొరత ఉంది, అన్నిటికన్నా ముందు గట్టి సంఘాలున్నాయి. అక్కడ ఇళ్ళు కట్టడం ఆగిపోలేదు. బెంగాల్ నుంచీ ఒడిశా నుంచీ కూలీలు వెతుక్కుంటూ వెళ్ళేది అక్కడికే.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. ఇద్దరు కుర్రాళ్ళతో టిఫిన్ సెంటర్ నడిపే మనిషికీ, లక్షల చదరపు అడుగుల టెక్ పార్కుకూ ఒకే భారం ఉండదు. దేశంలో పనిచేసేవాళ్ళలో 58.4 శాతం స్వయం ఉపాధిలో ఉన్నారని ప్రభుత్వం ఉపాధిపై చేసే 2023-24 పీఎల్ఎఫ్ఎస్ సర్వే చెబుతోంది. వాళ్ళకు కనీస వేతనం ఇచ్చే యజమానే లేడు. చిన్న యజమాని ఇబ్బంది నిజం, దానికి వేరే సాయం కావాలి. కానీ వేతనం పెంచాలన్న చర్చ వచ్చిన ప్రతిసారీ టిఫిన్ సెంటర్‌ను ముందు నిలబెట్టి, దాని వెనక టెక్ పార్కు దాక్కోవడం న్యాయం కాదు.

ప్రభుత్వాలు కూడా ఇక్కడ తీర్పరులు కాలేవు, వాళ్ళే పెద్ద యజమానులు. అంగన్‌వాడీ కార్యకర్తకు ఇచ్చేదాన్ని జీతం అనకుండా గౌరవ వేతనం అంటారు కాబట్టి కనీస వేతనం ఆమె దాకా రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబర్ 12న మొదలైన అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు సాగింది, మధ్యలో వాళ్ళ మీద ఎస్మా, అంటే అత్యవసర సర్వీసుల్లో సమ్మెను నిషేధించే చట్టం ప్రయోగించారు. సేవ అయితే గౌరవ వేతనం, సమ్మె అయితే అత్యవసర సర్వీసు. మరోవైపు అదే రాష్ట్రం 2020లో ఆప్కాస్ అని సొంత కార్పొరేషన్ పెట్టి, ప్రభుత్వ శాఖల అవుట్‌సోర్సింగ్ ఉద్యోగులను ప్రైవేటు ఏజెన్సీల నుంచి దాని కిందికి తెచ్చింది. ఏజెన్సీల కోతలు, ఆలస్యాలు, చేరడానికి లంచాలు ఆగాలన్నది చెప్పిన కారణం. మధ్యలో ఉన్న మనిషి జీతంలోంచే బతుకుతున్నాడని ఒక ప్రభుత్వం నోరు తెరిచి ఒప్పుకున్న సందర్భం అది. ప్రైవేటు గేట్ల దగ్గర అలాంటి ఒప్పుకోలు ఇంకా రాలేదు.

2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్‌లో మంచి ఉంది. పాత చట్టం షెడ్యూల్‌లో ఉన్న పనులకే వర్తించేది, ఇప్పుడు ఉద్యోగులందరికీ వర్తిస్తుంది. ఫ్లోర్ వేజ్‌కు చట్టబలం వచ్చింది, దానికన్నా తక్కువ ఏ రాష్ట్రమూ పెట్టకూడదు. కానీ తనిఖీ అధికారి ఇప్పుడు ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్. తప్పు దొరికితే కేసు పెట్టేముందు సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలి. తక్కువ జీతం ఇచ్చి మొదటిసారి దొరికితే జరిమానా 50,000 దాకా. వందమంది గార్డుల ఓటీ ఒక్క నెల ఎగ్గొడితే మిగిలేది అంతకు ఎన్నో రెట్లు. బైక్ మీద తిండి తెచ్చిచ్చే డెలివరీ కుర్రాడు ఈ కోడ్‌లోకి రానే రాడు, అతన్ని ఉద్యోగి అనరు. అతని కోసం తెలంగాణ 2025 ఏప్రిల్‌లో విడిగా ఒక ముసాయిదా బిల్లు విడుదల చేసింది.

కోడ్ పేరు ఏదైనా, కాంట్రాక్టు ధర నిర్ణయించేవాడిని జీతానికి బాధ్యుణ్ణి చేయనంత వరకు అంకె పెంచడం సగం పనే. ఏజెన్సీకి కంపెనీ ఎంత కడుతోందో, అందులో మనిషి జీతం గడి ఎంతో, పీఎఫ్ ఎంతో గేటు పక్కనే బోర్డు మీద రాసి పెట్టమంటే పెద్ద ఖర్చేమీ కాదు. చౌకధరల దుకాణం ముందు స్టాకు బోర్డు పెట్టిస్తున్నాం కదా. చదువుకోగలిగిన ప్రతి గార్డూ తన చేతికొచ్చినదానితో పోల్చుకుంటాడు. పోటీ సర్వీస్ ఛార్జి సున్నాకు జరగడం కూడా అప్పుడు కష్టమవుతుంది.

అంకె మాట కూడా అలా వదిలేయడానికి లేదు. వేతనాల కోడ్ కింద 2020లో కేంద్రం తెచ్చిన ముసాయిదా నియమాలు 1957 సదస్సు లెక్కనే తీసుకున్నాయి. మూడు యూనిట్లు, 2,700 కేలరీలు, 66 మీటర్ల బట్ట. ఇంటద్దె దగ్గరికి వచ్చేసరికి, తిండికీ బట్టకూ అయ్యే ఖర్చులో పది శాతం అని రాశారు. సికింద్రాబాద్ స్టేషన్ ఎదుటి భవనంలో మెట్లు తుడిచే ఆమె ఇంట్లో తిండికీ బట్టకూ నెలకు 12,000 అవుతుందనుకుంటే, ఈ లెక్క ఆమెకు అద్దె కింద ఇచ్చేది 1,200. ఆ డబ్బుకు హైదరాబాద్‌లో కరెంటు మీటరున్న రేకుల గది కూడా దొరకదు.